తివాచీ మీద ఎండి అంటుకుపోయిన పాకం, పనస జిగురు, మైనం ఎలా తీయాలి

ఎండిన మరక కనపడగానే చేయి ముందు నీళ్ల చెంబు మీదకే వెళ్తుంది. తివాచీ విషయంలో పని చెడేది అక్కడే. గట్టిపడ్డ బెల్లం పాకం మీద నీళ్లు పోస్తే అది కరిగి పోగుల మొదళ్లలోకి దిగిపోతుంది. పైకి పోయినట్టే ఉంటుంది గానీ, మర్నాడు అడుగు పెడితే కాలికి అంటుకుంటుంది. పనస జిగురు మీద పోస్తే జిగురు కదలదు, తివాచీ మాత్రం తడిసి ముద్దవుతుంది. అందుకని ఎండినదాన్ని ఎండినట్టే వీలైనంత రాల్చేయాలి. మిగిలిన పలచటి పొరకు మాత్రమే తడి తగలాలి. ఆ తడి కూడా అంటుకున్నదాన్ని బట్టి మారుతుంది: కొన్నిటికి నీళ్లు, కొన్నిటికి నూనె, కొన్నిటికి స్పిరిట్.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే మనకు ఇది మరీ ముఖ్యం. ముసురు పట్టిందంటే ఈ కొండ ప్రాంతాల్లో పలచటి బట్టలే ఒక పట్టాన ఆరవు. ఇక తివాచీ తడిస్తే అడుగున ముక్క వాసన పట్టి, బూజు కూడా వస్తుంది. ఎంత తక్కువ నీళ్లతో పని ముగిస్తే అంత మంచిది.

ముందు మీ తివాచీ ఏ రకమో చూసుకోండి

ఉన్నిదా, నూలుదా, సింథటిక్‌దా తెలియకుండా దాని మీద ఏదీ పోయకండి. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963లో ఏర్పడిన టిబెటన్ల సెటిల్‌మెంట్ ఉంది కదా, అక్కడివాళ్లు చేత్తో నేసే ఉన్ని తివాచీలకు మంచి పేరు. మీ ఇంట్లో ఉన్నది అలాంటిదైతే జాగ్రత్త రెట్టింపు కావాలి. ఉన్ని అంటే వెంట్రుకే, అంటే ప్రొటీన్. వేడి నీళ్లు పోసి రుద్దితే ముద్దకట్టి కుంచించుకుపోతుంది. బట్టల సోడా, ఘాటైన డిటర్జెంట్ దాన్ని పెళుసు చేస్తాయి. బ్లీచ్ పడితే ఉన్ని ఏకంగా కరిగిపోతుంది. ఎంజైములు కలిపిన వాషింగ్ పౌడర్లూ వద్దు. గుడ్డు, రక్తం లాంటి ప్రొటీన్ మరకల్ని కొరికేసే ఆ ఎంజైములు ఉన్నిని కూడా కొరికేస్తాయి.

ఏ రకమో తేలకపోతే ఒక పాత పరీక్ష ఉంది. తివాచీ అడుగు అంచున ఒక్క పోగు కత్తిరించి, స్టీలు పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుక కాలిన కమురు వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడైపోయే నల్లటి మసి మిగిలితే అది ఉన్ని. కాగితం కాలిన వాసనతో మండి మెత్తటి బూడిదైతే నూలు గానీ జనపనార గానీ. కరిగి, చల్లారాక గట్టి పూస మిగిలితే సింథటిక్. ఈ పరీక్ష తివాచీకి దూరంగా, వీలైతే పెరట్లో చేయండి.

తర్వాత తిప్పి వెనకవైపు చూడండి. ముడులు ఒక్కొక్కటీ కనిపిస్తే చేత్తో నేసింది, ఓపిగ్గా చేస్తే గట్టిగా నిలబడుతుంది. వెనక ఒక గుడ్డ అంటించి ఉంటే ఆ గుడ్డనీ పోగుల్నీ కలిపి పట్టుకున్నది రబ్బరు జిగురే. దాని మీద నూనె, స్పిరిట్, అసిటోన్ ధారగా పోస్తే ఆ జిగురు కూడా వదిలి పోగులు ఊడివస్తాయి. జనపనార అడుగు ఉన్నవాటికి ఇంకో తంటా: బాగా తడిస్తే ఆరేటప్పుడు నారలోని గోధుమ రంగు పైకి తేలి కొత్త మరకవుతుంది.

ఏ ద్రవం వాడాలనుకున్నా సోఫా కిందకు పోయే మూలలో ముందు రెండు చుక్కలు వేసి, తెల్ల గుడ్డతో అద్ది చూడండి. గుడ్డకు రంగు దిగితే అది మీ తివాచీకి పనికిరాదు.

ఎండుగా రాల్చడం

దీనికి కావలసినవన్నీ ఇంట్లోనే ఉంటాయి: స్టీలు చెంచా, గడువు అయిపోయిన ఏటీఎం కార్డు, పాత టూత్‌బ్రష్, పళ్లు దగ్గరగా ఉన్న దువ్వెన, నాలుగైదు తెల్ల నూలు గుడ్డలు. పాత పంచె చింపితే సరిపోతుంది. గుడ్డ తెల్లదే కావాలి. మరక ఎంత వస్తోందో, తివాచీ రంగు వదులుతోందో లేదో దాని మీదే తెలుస్తుంది. చాకు వాడకండి, పోగులు తెగుతాయి.

మరక ఉన్న చోట తివాచీని వెనక్కి మడవండి. మడత అంచున పోగులు విచ్చుకుని గట్టిపడ్డ పాకం బయటికి నిక్కుతుంది. చెంచా వంపుతో దాన్ని చిన్నగా నొక్కితే టక్కున విరిగి పలుకులవుతుంది. చుట్టూ ఉన్న అంచుల నుంచి నడుమకు రండి, లేకపోతే మరక వెడల్పవుతుంది. ఒక్కో వరుస విరగ్గొట్టాక మడతను కాస్త జరపండి. పలుకులు అక్కడే వదిలేయకుండా వెంటవెంటనే వాక్యూమ్‌తో తీసేయండి. అది లేకపోతే తివాచీని బోర్లా వేసి వెనక నుంచి అరచేత్తో తట్టండి, రాలిపోతాయి.

వానాకాలంలో ఇది అంత తేలిగ్గా జరగదు. చక్కెర, బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటాయి. జనవరిలో పలుకులుగా విరిగే పాకమే జులైలో సాగుతుంది. అప్పుడు ఐసు ముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి, గట్టిగా ముడివేసి, పదిహేను ఇరవై నిమిషాలు దాని మీద ఉంచండి. గట్టిపడగానే విరగ్గొట్టండి, మళ్లీ మెత్తబడితే మళ్లీ ఐసు పెట్టండి. కవరు చిరిగి నీళ్లు కారకుండా చూసుకోవాలి.

ఈ దశలో తొందర వద్దు. ఎండుగా ఎంత వస్తే తర్వాత అంత తక్కువ నీళ్లు పడతాయి. చెంచాకు ఇక ఏమీ తగలడం లేదు అనిపించాకే రెండో అంచెకు వెళ్లండి.

పాకం, తేనె, రసగుల్లా రసం, కూల్‌డ్రింక్

ఇవన్నీ చక్కెర జాతి. చక్కెరకు సబ్బు అక్కర్లేదు, గోరువెచ్చటి నీళ్లే చాలు. గుడ్డను ముంచి, నీళ్లు కారకుండా పిండి, నాలుగు మడతలు వేసి మరక మీద పది నిమిషాలు కప్పి ఉంచండి. తర్వాత తీసి, పొడి గుడ్డ వేసి అరచేత్తో నిటారుగా నొక్కండి. రుద్దకూడదు. రుద్దితే పోగులు పురి విడిపోయి, మరక పోయినా ఆ చోటు చెదిరినట్టు కనిపిస్తుంది. మళ్లీ తడి గుడ్డ, మళ్లీ పొడి గుడ్డ. పొడి గుడ్డకు వేలు తగిలించి చూసినప్పుడు జిగురు తెలియకుండా పోయేవరకూ ఇలాగే చేయాలి.

పోయిందో లేదో చీమలే చెబుతాయి. ఆరిన తర్వాత అక్కడికి చీమలు చేరుతున్నాయంటే లోపల ఇంకా తీపి ఉన్నట్టే. మరోసారి తడి గుడ్డ కప్పండి.

మామిడి రసమైతే తీపి పోయినా పసుపుచాయ మిగులుతుంది. ఒక వంతు తెల్ల వెనిగర్‌కి నాలుగు వంతులు నీళ్లు కలిపి గుడ్డతో అద్దండి. పసుపు, అంటే కూర పసుపు పడితే మాత్రం సబ్బు తగిలించకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. చల్లటి నీళ్లతో అద్ది, ఆ భాగాన్ని కాసేపు ఎండ పడే చోట పెడితే రంగు దానంతటదే వెలిసిపోతుంది. పసుపు రంగు ఎండకు నిలవదు. అయితే ముదురు రంగు తివాచీని గంటల తరబడి ఎండలో వదిలేయకండి, దాని రంగూ వెలుస్తుంది.

పనస జిగురు

మన జిల్లాల ఇళ్లలో అన్నిటికన్నా మొండిది ఇదే. వేసవి వచ్చిందంటే కొండ పనస ఇంటింటికీ వస్తుంది, హాల్లో పేపరు పరిచి కోస్తాం, పేపరు దాటి ఒక్క చుక్క పడినా చాలు. దాని మీద దుమ్ము పట్టి నల్లటి గట్టి చుక్కవుతుంది. చాలామంది ఇక పోదని కత్తెరతో కత్తిరించేస్తారు. ఆ అవసరం లేదు. పనస కోసే ముందు “చేతికీ కత్తికీ నూనె రాసుకోమ్మా” అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటలోనే దీనికి విరుగుడు ఉంది. పనస పాలలో ఉండే రబ్బరూ, బంకా నీళ్లకు లొంగవు. నూనెకు లొంగుతాయి.

ఐసు పెట్టి, పైన ఉన్న గడ్డను చెంచాతో విరిచేయండి. పోగులకు పట్టిన పొర మాత్రం మిగులుతుంది. కొబ్బరినూనె గానీ రంగులేని రిఫైన్డ్ నూనె గానీ తీసుకోండి. చలికాలంలో కోరాపుట్ వైపు కొబ్బరినూనె గడ్డకడుతుంది, అప్పుడు రిఫైన్డే నయం. ఆవనూనె వద్దు, దాని పసుపు రంగూ ఘాటూ రెండూ తివాచీకి పడతాయి. నూనెను తివాచీ మీద పోయకండి. చూపుడు వేలికి ఒక చుక్క రాసుకుని, జిగురు పట్టిన కుచ్చును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మొదలు నుంచి కొసకు మెల్లగా లాగండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండు మూడు నిమిషాలకు జిగురు మెత్తబడి, వేళ్ల మధ్య బూడిదరంగు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుంటుంది. ఆ ఉండల్ని గుడ్డకు తుడిచేసి పక్క కుచ్చు పట్టుకోండి. ఒక్కో కుచ్చే చేయాలి, అరచేత్తో ఒకేసారి పులిమితే మెత్తబడ్డ జిగురు చుట్టుపక్కల పోగులన్నిటికీ పాకుతుంది. దువ్వెన పళ్లకు నూనె రాసి దువ్వితే పోగుల నడుమ దాక్కున్నవి కూడా వస్తాయి.

జిగురు పోయాక నూనె మిగులుతుంది. దాన్ని వదిలేస్తే వారంలో దుమ్ము పట్టి నల్లమరకవుతుంది. ముందు పొడి గుడ్డతో నొక్కి, తర్వాత టాల్కమ్ పౌడర్ చల్లి, ఒక గంట ఆగి బ్రష్‌తో దులపండి. శనగపిండి, బియ్యప్పిండి చల్లకండి. తర్వాత తడి తగలగానే అవి ముద్దకట్టి అంటుకుంటాయి. ఆపైన అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలిపి, ఆ నురుగును మాత్రమే గుడ్డతో తీసి అద్దండి. ముదురు రంగు ఉన్ని తివాచీకైతే కుంకుడుకాయ నురుగు ఇంకా మేలు, ఉన్నికి అది చాలా మెత్తన. లేతరంగు తివాచీకి వద్దు, కుంకుడు రసం చాయ పడుతుంది.

స్టిక్కర్లు, సెల్లోటేప్ వదిలే జిగురుకీ ఇదే పద్ధతి. పనస కోసేటప్పుడు ఇకమీద హాల్లో కాకుండా వెనక అరుగు మీద కూర్చోవడం అన్నిటికన్నా సులువు.

మైనం, చూయింగ్ గమ్

దీపావళికీ, క్రిస్మస్‌కీ కొవ్వొత్తులు వెలిగిస్తాం, మైనం చుక్కలు తప్పవు. ముందు ఐసు, తర్వాత చెంచా. మిగిలిన పొర మీద బ్రౌన్ పేపరు గానీ, అచ్చు లేని తెల్ల గుడ్డ గానీ వేసి, ఇస్త్రీ పెట్టెను అన్నిటికన్నా తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, రెండు మూడు సెకన్లు ఆనించి ఎత్తండి. మైనం దాదాపు 50 నుంచి 65 డిగ్రీల మధ్యే కరుగుతుంది, కాబట్టి చిన్న వేడి చాలు. కరిగిన మైనం కాగితానికి పడుతుంది. ప్రతిసారీ కాగితంలో కొత్త చోటు వాడండి. న్యూస్‌పేపరు వేయకండి, సిరా దిగుతుంది. పాలీప్రొపిలీన్ కార్పెట్లు 160 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి, ఇస్త్రీ పెట్టె నూలు బట్టల సెట్టింగ్‌లో అంతకన్నా వేడెక్కుతుంది. మీది సింథటిక్ అయితే ఇస్త్రీ మానేసి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేసి గుడ్డతో అద్దుకోండి. రంగు కొవ్వొత్తి అయితే చివర్లో మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గుడ్డకు తడిచేసి అద్దితే రంగు వస్తుంది.

చూయింగ్ గమ్‌కు వేడి చూపించకండి. ఐసు పెట్టి విరిచేయండి, మిగిలింది పనస జిగురులాగే నూనెతో.

అన్నం, పఖాళ, పాలు, పాయసం

ఎండలు ముదిరితే మన ఇళ్లలో కూడా పఖాళ, అంటే నీళ్లలో నానిన చద్దన్నం గిన్నెలు హాల్లోకి వచ్చేస్తాయి. గంజి, మెతుకులు పడితే తడిగా ఉన్నప్పుడు తుడవడం కన్నా పూర్తిగా ఎండనివ్వడం మేలు. ఎండిన మెతుకును చెంచాతో నలిపి బ్రష్‌తో దులిపితే చాలావరకు పోతుంది, మిగిలిన గట్టిదనానికి చల్లటి తడి గుడ్డ కప్పితే చాలు.

పాలు, పెరుగు, గుడ్డు, ఐస్‌క్రీమ్ పడితే వేడి నీళ్లు అసలే వద్దు. వేడికి ప్రొటీన్ గట్టిపడి పోగును పట్టుకుని ఇక వదలదు. ముందు చల్లటి నీళ్లు, తర్వాత లిక్విడ్ నురుగు. పాయసంలో పాలూ చక్కెరా రెండూ ఉంటాయి కాబట్టి చల్లటి నీళ్లతో మొదలుపెట్టి, చివర్లోనే గోరువెచ్చటివి వాడండి. పాల మరక సరిగా పోకపోతే వాసన తేలుతుంది. అలా తేలితే పైన చెప్పిన వెనిగర్ నీళ్లతో ఒకసారి అద్దండి.

ఫెవికాల్, ఫెవిక్విక్, కిళ్లీ

గణేశ పూజకీ, సరస్వతీ పూజకీ స్కూల్ పిల్లలు ఇంట్లో కూర్చుని థర్మోకోల్ అలంకరణలు చేస్తుంటారు. తెల్ల ఫెవికాల్ ఎండాక గోరువెచ్చటి తడిగుడ్డ అరగంట కప్పి ఉంచితే మళ్లీ తెల్లగా మెత్తబడుతుంది. అప్పుడు దువ్వెనతో తీసేయవచ్చు. ఫెవిక్విక్ లాంటివి నీళ్లకూ నూనెకూ లొంగవు. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ దూదికి తడిచేసి ఆ చుక్కకే తగిలించి, మెత్తబడగానే గీరేయండి. కొన్ని రకాల కృత్రిమ పోగుల్ని అసిటోన్ కరిగించేస్తుంది, అందుకని మూలలో పరీక్ష ఇక్కడ తప్పనిసరి. పరీక్షలో తేడా వస్తే ఆ కుచ్చు కొసల్ని మాత్రం చిన్న కత్తెరతో కత్తిరించడమే దారి.

కిళ్లీ మరకలో సున్నం, కాచు రెండూ ఉంటాయి. ఎండిన సున్నం దులిపి, వెనిగర్ నీళ్లతో అద్దితే కొంత తేలికవుతుంది. కాచు ఎరుపు పాతదైతే ఇంట్లో పూర్తిగా పోదు, మంచి తివాచీ అయితే కార్పెట్లు శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వండి.

కిరోసిన్, పెట్రోలు ఎవరు చెప్పినా వాడకండి. నిప్పు ప్రమాదం ఒకటి, వెనక జిగురు ఊడటం ఇంకొకటి, వాసన కూడా ఓ పట్టాన పోదు. స్పిరిట్, అసిటోన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి, పూజగదిలో దీపం, వంటింట్లో స్టవ్ ఆర్పేసి చేయండి. బ్లీచింగ్‌తో వెనిగర్ గానీ బాత్రూం యాసిడ్ గానీ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ విషయంలో మరీ జాగ్రత్త.

సబ్బు తీయడం, ఆరబెట్టడం

మరక పోయిందని ఇక్కడ ఆపేస్తే పని సగమే అయినట్టు. లోపల ఉండిపోయిన సబ్బు కూడా జిగురే. అది దుమ్మును పట్టి, నెల తిరక్కుండా అదే చోట మరక మళ్లీ వచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది “పోయిన మరక తిరిగొచ్చింది” అనేది దీన్నే. ఉత్త నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అద్దుతూ, పొడి గుడ్డతో నొక్కుతూ, నురుగు కనపడకుండా పోయేవరకూ చేయండి. ఉన్నికైతే ఆఖరుసారి నీళ్లలో చెంచాడు వెనిగర్ కలపండి.

తర్వాత పొడి గుడ్డ దళసరిగా మడిచి ఆ చోట వేసి, పైన ప్లాస్టిక్ కవరు, దాని మీద రెండు ఇటుకలు పెట్టి రాత్రంతా వదిలేయండి. అడుగున ఉన్న తడి, దాంతోపాటు మిగిలిన మరక పైకి ఎక్కి గుడ్డకు పడతాయి. పొద్దున్నే ఇటుకలు తీసి, తివాచీని నులక మంచం మీద పరిచి, పైనా కిందా గాలి ఆడేలా ఫ్యాన్ పెట్టండి. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగుతుంది. కాస్త తడి ఉండగానే పోగుల్ని వాటి వాలు వైపుకు బ్రష్‌తో దువ్వితే ఆ చోటు మిగతా దానితో కలిసిపోతుంది.

ఆరిందో లేదో పైన ముట్టుకుంటే తెలియదు. వెనక్కి మడిచి, పోగుల మొదళ్ల దగ్గర చెంప ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ ఫ్యాన్ కిందకే. పూర్తిగా ఆరేదాకా సోఫా, టీపాయ్ దాని మీద పెట్టకండి. చెక్క కాళ్ల పాలిష్ రంగు, ఇనుప కాళ్ల తుప్పు తడి తివాచీకి దిగుతాయి. తుప్పు మరక పడితే ఇంట్లో తీయడం చాలా కష్టం. వెంటనే పెట్టక తప్పదంటే కాళ్ల కింద ప్లాస్టిక్ డబ్బా మూతలు వేసి పెట్టండి.